పెరటి కోళ్ళు, పొడి ఊక: హైదరాబాద్ అల్వాల్ నుంచి ప్రాజెక్టు డైరీ

2024 జూన్, మొదటి వారం

జాగా తేలింది. వంటింటి వెనక గోడకీ ప్రహరీకీ మధ్య 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఖాళీ ఉంది. ఒక మూల బొప్పాయి, కరివేపాకు. ఇంకో మూల బోరు. బోరు వైపు నాలుగడుగులు వదిలేస్తే మిగతాదంతా కోళ్ళకే. ఎనిమిది పెట్టలకు మించి వద్దని ఇంట్లో అందరం ముందే అనుకున్నాం. రాత్రి పడుకునే గూట్లో ఒక్కో కోడికి 2 చదరపు అడుగులు, పగలు తిరిగే జాలీ ఆవరణలో 8 నుంచి 10 చదరపు అడుగులు ఉండాలి. ఇరుకైతే ఒకదాన్నొకటి ఈకలూడేలా పొడుచుకుంటాయి. ఆ లెక్కన గూడు 4 బై 4, ఆవరణ 12 బై 6. సరిగ్గా పట్టింది.

మేస్త్రిని పిలవకముందే పక్కింటికి వెళ్ళొచ్చాను. ప్రహరీ అవతలే వాళ్ళ పడకగది కిటికీ. ఆంటీ అంతా విని, "వాసన రానంత వరకు నాకేం ఇబ్బంది లేదమ్మా. పుంజును మాత్రం పెట్టకండి. అంకుల్‌కి అసలే నిద్ర తక్కువ" అన్నారు. రెండూ న్యాయమైన మాటలే. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పిల్లవదు, అంతే తేడా.

వాసన సంగతే ఆలోచించాల్సింది. ఊళ్ళో కోడి వాడంతా తిరుగుతుంది, రెట్ట వాడంతా వేస్తుంది, అది ఎండకు ఎండి మట్టిలో కలిసిపోతుంది. ఇక్కడ మొత్తం 90 చదరపు అడుగుల్లోపే పడుతుంది. తడిస్తే అందులోంచి అమ్మోనియా లేస్తుంది, ఈగలు ముసురుతాయి, కోడిపిల్లలకు కడుపు రోగాలొస్తాయి. పొడిగా ఉంటే ఈ మూడూ చాలా వరకు ఉండవు. బస్తీలో కోళ్ళ పెంపకమంటే సగం పని నేలను పొడిగా ఉంచుకోవడమే అని నా నమ్మకం. అందుకే ఈ కట్టుబడిలో ఏ వస్తువు కొన్నా, ఏ కొలత మార్చినా అడగాల్సిన ప్రశ్న ఒకటే పెట్టుకున్నాను: దీంతో లోపల పొడిగా ఉంటుందా, ఉండదా?

జూన్, మూడో వారం

కట్టుబడి మొదలైంది. గూటి కింద చుట్టూ ఇటుకలతో పెరటి నేల కంటే 9 అంగుళాలు ఎత్తు లేపి, లోపల మట్టి నింపి, పైన 3 అంగుళాల కాంక్రీటు వేయించాం. తలుపు వైపుకు కాస్త వాలు. వాన నీళ్ళు పెరట్లో నిలిచినా గూట్లోకి రాకూడదని ఈ ఎత్తు. కాంక్రీటు వేసింది మాత్రం పందికొక్కుల కోసం. మా వీధి డ్రైనేజీ పొడుగునా అవే. మట్టి నేలైతే ఒక్క రాత్రిలో బొరియ తవ్వి లోపలికి వస్తాయి. దాణాతో ఆగవు, కోడిపిల్లల్నీ ఎత్తుకుపోతాయి.

అత్తమ్మది సిద్దిపేట దగ్గర పల్లె. కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ, "మేము గంప కింద మూసి పైన రాయి పెట్టేటోళ్ళం. గింత కట్టుడు ఎందుకు బిడ్డా?" అంది. అదే రోజు మేస్త్రి బొప్పాయి పక్కన తవ్వుతుంటే చెయ్యి పట్టేంత బొరియ బయటపడింది. వంగి చూసింది. "అయితే కట్టుండ్రి" అని, ఇంకో వరస ఇటుక కూడా పెట్టమంది. పెట్టించాం. అలా 9 అంగుళాలు కాస్తా 12 అయింది.

ఫ్రేముకు అంగుళంన్నర స్క్వేర్ పైపు. వెల్డింగ్ అన్న ముందు షట్కోణాల కోళ్ళ జాలీ తెస్తానన్నాడు, ధర తక్కువ. ఆ జాలీ కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్క పళ్ళకు, పందికొక్కు కొరుకుడుకు ఆగదు. అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ తెప్పించాం. ధర ఎక్కువే. ఈ పని మొత్తంలో డబ్బు ధారాళంగా పెట్టాల్సిన చోటు మాత్రం ఇదే. కన్ను పెద్దదైతే పిల్లి పంజా దూర్చి, జాలీకి ఆనుకుని పడుకున్న కోడిని లాగేస్తుంది. ఆవరణ చుట్టూ అదే జాలీని నేల మీద బయటివైపుకు ఒక అడుగు మేర పరిచి, పైన మట్టి కప్పి, బండరాళ్ళు పెట్టాం. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. అక్కడ గోళ్ళకు జాలీ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు.

గూటికి పొడవు, వెడల్పు సమానం కాబట్టి దిక్కుల బాధ లేదు. ఆవరణ పొడవు మాత్రం తూర్పు పడమరలకు వచ్చేలా చూసుకున్నాం. మన ఎండలకు షెడ్డు ఎప్పుడూ అలాగే ఉండాలి, పొద్దున్నా సాయంత్రం ఏటవాలు ఎండ పొడవైన వైపు నుంచి లోపలికి కొట్టకుండా. పైకప్పు రేకు ముందు వైపు ఆరున్నర అడుగుల ఎత్తులో, వెనక అయిదున్నరలో. వాలు మా బొప్పాయి వైపుకే, ఆంటీ వాళ్ళ గోడ మీదికి చుక్క పడకూడదు. రేకు అంచు గోడను దాటి అడుగున్నర బయటికి ఉంది.

గాలి గురించి కాస్త వివరంగా రాస్తాను. చలి దేశాల గూళ్ళ ఫొటోలు చూసి చాలామంది నాలుగు వైపులా చెక్కతో మూసేస్తున్నారు. మన వాతావరణానికి అది పనికిరాదు. కోళ్ళు రాత్రంతా ఊపిరి వదులుతాయి, రెట్ట వేస్తాయి. ఆ తేమ, ఆ వెచ్చని గాలి పైకి లేచి బయటికి పోయే దారి లేకపోతే తెల్లవారేసరికి ఊక చెమ్మగిల్లుతుంది. మా గూటికి కింద రెండడుగులే సిమెంటు బోర్డు, అక్కడి నుంచి రేకు దాకా మూడు వైపులా జాలీ. నాలుగో వైపు పూర్తి గోడ, అటు నుంచే వాన ఎక్కువగా కొడుతుంది. జాలీ వైపులకు పైనుంచి గోనె తెరలు, వానొస్తే దించుకోవడానికి.

తలుపుకు రెండు గడియలు, ఒకటి పైన ఒకటి కింద. కబ్జాలు స్టీలువి. మామూలు ఇనుపవైతే రెట్ట తేమకు ఏడాదిలో తుప్పు పట్టి ఊడతాయని వెల్డింగ్ అన్నే చెప్పాడు.

జూలై, మొదటి వారం

పిల్లలొచ్చాయి, 16.

ఏ రకమన్న దాని మీద ఇంట్లో చాలా చర్చ జరిగింది. నాటుకోడి తనే పొదిగి తనే సాకుతుంది, రోగానికి గట్టిది, కానీ ఏడాదికి 60 గుడ్లు పెడితే గొప్ప. అసీల్ అంటే మా ఆయనకు మోజు. అది పందెం జాతి, పెట్టలు సైతం పోట్లాటకు దిగుతాయి, ఇంత చిన్న ఆవరణలో కుదరదు. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువాది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అయితే దాని పేరు మాంసానికే. చివరికి గ్రామప్రియ తీసుకున్నాం. ఇది మన రాజేంద్రనగర్‌లోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పౌల్ట్రీ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం. అక్కడి వనరాజ గుడ్లకూ మాంసానికీ రెంటికీ పనికొస్తుంది, బరువెక్కుతుంది. గ్రామప్రియ తేలిక, గుడ్లు ఎక్కువ. పెరట్లో పెంచితే ఏడాదికి 160 నుంచి 180 అని లెక్క. గోధుమ రంగు గుడ్డు. ఇలాంటి పక్షిని రూపొందించిన శాస్త్రవేత్తలు మన ఊళ్ళోనే పనిచేస్తున్నారు. వాళ్ళ కృషి ఇంకా ఎక్కువ ఇళ్ళకు చేరాలని మనస్ఫూర్తిగా అనిపిస్తుంది.

ఒక్క సంగతి. ఒకరోజు పిల్లల్లో పెట్టా పుంజూ వేరుచేసి ఇవ్వరు, కలిపే ఇస్తారు. సగం పుంజులొస్తాయని ముందే లెక్కేసుకుని, కావలసిన పెట్టలకు రెట్టింపు పిల్లల్ని తెచ్చుకోవాలి.

స్టోర్ రూంలో అట్టపెట్టెలు విప్పి గుండ్రంగా కంచెలా నిలబెట్టాం. గుండ్రంగా ఎందుకంటే, మూలలుంటే పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చచ్చిపోతాయి. కింద రెండంగుళాల ఊక, దాని మీద మొదటి రెండు రోజులూ న్యూస్ పేపర్, లేకపోతే దాణా అనుకుని ఊకే తింటాయి. పైనుంచి 60 వాట్ల బల్బు. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు పెట్టాను గానీ దానికంటే పిల్లల్ని చూస్తేనే బాగా తెలుస్తుంది. బల్బు కిందికి చేరి కుప్పపడి కీచుకీచుమంటుంటే చలి. అంచులకు పోయి రెక్కలు జార్చి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. కంచె అంతటా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని కునుకుతూ ఉంటే సరిపోయిందన్నమాట.

పెట్టెలోంచి తీసిన ప్రతి పిల్ల ముక్కునూ ఒకసారి బెల్లం నీళ్ళలో ముంచి వదిలాం. ముక్కు తడవగానే తల పైకెత్తి మింగుతుంది. ఆ ఒక్క గుక్కతో నీళ్ళెక్కడున్నాయో దానికి తెలిసిపోతుంది. నీళ్ళ గిన్నెలో గులకరాళ్ళు వేశాం, పిల్ల అందులో పడి మునగకుండా. మొదటిరోజు మొక్కజొన్న రవ్వ, మర్నాటి నుంచి చిక్ మాష్, అంటే పిల్లల కోసం పొడిగా చేసిన దాణా.

మూడో రోజు ఒకటి పోయింది. వచ్చినప్పటి నుంచే కాళ్ళ మీద సరిగ్గా నిలబడలేదు. మరొకదానికి వెనక రెట్ట అతుక్కుని ఎండిపోయింది. అలా వదిలేస్తే మలద్వారం మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, గట్టిగా లాగకుండా మెల్లగా నానబెట్టి తీసి, తుడిచి, బల్బు కింద వదిలాను. సాయంత్రానికి మిగతా వాటితో కలిసి పరిగెత్తింది.

కరెంటు పోయిన రాత్రి వేడినీళ్ళు నింపిన సీసాల్ని పాత తువ్వాళ్ళలో చుట్టి మధ్యలో పెట్టాం. బొగ్గుల కుంపటి పెడదామంది అత్తమ్మ. ఊళ్ళో పందిరి కింద అయితే సరే, తలుపు మూసిన గదిలో ఆ పొగ పిల్లలకే కాదు మనుషులకూ విషం.

జూలై చివర

టీకాల గురించి కొత్తవాళ్ళకు ఎవరూ సరిగ్గా చెప్పరు. కోళ్ళను ఊడ్చిపెట్టేసేది కొక్కెర తెగులు. దానికి మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క, కంట్లో గానీ ముక్కులో గానీ. రెండు వారాలకు గంబోరో రోగానికి టీకా. నాలుగు వారాలకు మళ్ళీ లసోటా. ఆరేడు వారాలకు రెక్క పొరలో గుచ్చే మశూచి టీకా. ఎనిమిది వారాలకు మళ్ళీ కొక్కెర తెగులుకే ఆర్2బీ ఇంజెక్షన్. మారెక్స్ అనే ఇంకో రోగానికి టీకా హేచరీలోనే మొదటిరోజు వేసి పంపుతారు, వేశారో లేదో అడిగి తెలుసుకోవాలి.

చిక్కేమిటంటే టీకా సీసా వంద కోళ్ళకో, అంతకంటే ఎక్కువకో సరిపడా వస్తుంది. కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, అప్పటిదాకా ఐసులోనే ఉండాలి. పదిహేను పిల్లలకు ఒక సీసా అంటే మిగతాదంతా పారబోయడమే. మా చుట్టుపక్కల కోళ్ళు పెంచేవాళ్ళు ఇంకో ఇద్దరు దొరికారు. ముగ్గురం తేదీలు కలుపుకుని పిల్లల్ని తెచ్చుకుంటే ఒకే సీసాతో పని అయిపోతుంది. ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరమ్మ మొదటి చుక్క తనే వేసి చూపించారు. పిల్లను అరచేతిలో వెల్లకిలా కాకుండా పక్కకు పడుకోబెట్టి, బొటనవేలితో రెప్ప తెరిచి, చుక్క వేశాక అది కన్నార్పేదాకా వదలొద్దన్నారు. ఆర్పితేనే మందు లోపలికి పోయినట్టు.

ఆగస్టు

అయిదో వారంలో పిల్లలు గూట్లోకి మారాయి. కాంక్రీటు మీద నాలుగంగుళాల ఊక పోశాం. రోజూ సాయంత్రం పిడికెడు ఊక తీసి నలిపి చూడటం ఇప్పుడు ఇంట్లో అందరికీ అలవాటైంది. పిడికిలి తెరవగానే ఊక కాస్త దగ్గరికొచ్చి వెంటనే విడిపోవాలి. ముద్దలా నిలిచిందంటే తేమ ఎక్కువ. అసలు దగ్గరికే రాకుండా పొడిపొడిగా రాలితే దుమ్ము రేగి కోళ్ళకు తుమ్ములొస్తాయి. వారానికోసారి చిన్న గొర్రుతో తిరగేసి, రెండు గుప్పెళ్ళ పొడి సున్నం చల్లుతున్నాం.

నెల చివర్లో రెండు రోజులు ఎడతెరిపి లేని గాలివాన. మామూలుగా వచ్చే వైపు నుంచి కాక ఎదురు నుంచి కొట్టింది. గోనె తెరలు దించినా కింది అంచుల్లోంచి జల్లు లోపలికి వచ్చింది. మూడో రోజు పొద్దున ఒక పిల్ల ఈకలు నిక్కబొడుచుకుని, కళ్ళు మూసుకుని ఒక పక్కకు నిలబడి ఉంది. రెట్టలో ఎర్రగా నెత్తురు జీర. కాక్సిడియోసిస్, పేగులకు వచ్చే రోగం. దీని సూక్ష్మజీవి కోళ్ళున్న ప్రతి నేలలోనూ ఎంతో కొంత ఉంటుంది, తడి, వెచ్చదనం రెండూ దొరికినప్పుడు విజృంభిస్తుంది. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకే ఎక్కువ ప్రమాదం. డాక్టరమ్మ ఆంప్రోలియం అనే మందు నీళ్ళలో కలిపి ఇవ్వమన్నారు. వేరే నీళ్ళు ఏవీ అందకుండా అవే పెట్టాం. తడిసిన ఊకంతా ఎత్తేసి, నేల ఆరబెట్టి, సున్నం చల్లి, కొత్త ఊక పోశాం. మొదట కనబడిన పిల్ల దక్కలేదు. మిగతా పద్నాలుగూ కోలుకున్నాయి.

ఆ వారమే రెండు మార్పులు చేశాం. గోనె తెరల కింది అంచుకు ఇనుప పట్టీ బిగించి కొక్కేనికి తగిలించేలా పెట్టాం, గాలికి లేవకుండా. రెండోది నీళ్ళ గిన్నె తీసేయడం. గూట్లో తడికి వాన తర్వాత పెద్ద కారణం నీళ్ళ గిన్నే. కోడి అందులో కాలు పెడుతుంది, ఊక గీకి పోస్తుంది, తల విదిలిస్తుంది. మూత ఉన్న బకెట్‌కు అడుగున నిపుల్స్ బిగించి, కోడి మెడ కొంచెం సాచితే అందేంత ఎత్తులో వేలాడదీశాం. ముక్కుతో పొడిస్తేనే చుక్క పడుతుంది. నీళ్ళెక్కడో ఒక పిల్ల కనిపెట్టింది, మధ్యాహ్నానికి అన్నీ నేర్చుకున్నాయి. అప్పటి నుంచి బకెట్ కింద ఊక తడిసిన ఆనవాలు లేదు.

అక్టోబర్

పుంజులు తేలిపోయాయి. ఏడు పెట్టలు, ఏడు పుంజులు. పుంజులకు జుట్టు ముందుగా ఎర్రబడింది, కాళ్ళు బలిశాయి, తోక దగ్గర ఈకలు కోసుగా సాగాయి. ఒక తెల్లవారుజామున వాటిలో ఒకటి గొంతు పగిలినట్టు కూత మొదలుపెట్టింది. ఆంటీకిచ్చిన మాట ఉంది. ఆ ఆదివారమే ఏడింటినీ అత్తమ్మ వాళ్ళ ఊరికి పంపించాం. గ్రామప్రియ పుంజు మూడున్నర నెలలకు కిలో పావు, కిలోన్నర తూగుతుంది, అక్కడ మా మరిది వాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. పట్నంలో కోళ్ళు పెంచాలనుకునేవాళ్ళు పుంజులకు దారేదో ముందే చూసుకోవాలి. పిల్లలు ముద్దుగా ఉన్నప్పుడు ఆ మాట గుర్తు రాదు.

పుంజులు పోయాక పెట్టలు తమలో తాము వరస తేల్చుకున్నాయి. మెడ మీద నల్లచుక్కలున్నది అందరికంటే పైన. దాణా దగ్గర అదే ముందు. కింది వరసలో ఉన్న గోధుమ రంగు పెట్ట చాలాసార్లు తినకుండానే పక్కకు తప్పుకుంటోంది. రెండో దాణా తొట్టి ఆవరణ ఆ చివర పెట్టాక దానికీ కడుపు నిండుతోంది.

పడుకునే దండేనికి సరుగుడు కర్ర వేశాం, రెండంగుళాల మందం, పైభాగం కాస్త చదునుగా చెక్కి. కోడికి ఒక్కోదానికి 8 నుంచి 10 అంగుళాల చోటు చాలు. గుడ్లు పెట్టే పెట్టెలు రెండు, అడుగు బై అడుగు, దండెం కంటే తక్కువ ఎత్తులో. అవి ఎత్తులో ఉంటే కోళ్ళు వాటిల్లోనే పడుకుని రెట్ట వేస్తాయి, ఎప్పుడూ ఎత్తైన చోటే నిద్రకు వెతుక్కుంటాయి.

ఆవరణలో ఒక మూల టైరులో ఇసుక, కట్టెల బూడిద, ఎండు మట్టి కలిపి పోశాం. మధ్యాహ్నం అందులో పడి రెక్కలు విదిలిస్తూ దొర్లుతాయి. పేలు, పురుగులు పోవడానికి అవి చేసుకునే స్నానం అదే. అదీ పొడిగా ఉంటేనే.

డిసెంబర్

జుట్లు ఎర్రబడ్డాయి. వీపు మీద చెయ్యి వేస్తే నేలకు అణిగి కూర్చుంటున్నాయి. గుడ్డుకు వచ్చిందనడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. ఎదిగే కోళ్ళకిచ్చే గ్రోయర్ మాష్ మాన్పించి గుడ్లు పెట్టే కోళ్ళకిచ్చే లేయర్ మాష్‌కు మార్చాం. పెంకు కోసం అందులో క్యాల్షియం మూడున్నర శాతం పైనే ఉంటుంది, ఈ దశకు ముందు అంత ఇస్తే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెట్టాం, కావలసినవి తింటాయి.

పెట్టెల్లో ప్లాస్టిక్ గుడ్డు ఒక్కోటి పెట్టాను, ఇక్కడే పెట్టాలని వాటికి తెలియడానికి. డిసెంబర్ చివర్లో ఒక పొద్దున దాని పక్కన ఇంకోటి. చిన్నది, 38 గ్రాములు, లేత గోధుమ రంగు, ఒక కొన దగ్గర నెత్తురు మరక. మొదటి గుడ్డుకు అది మామూలే. ఇంకా వెచ్చగా ఉంది. అత్తమ్మ దాన్ని పట్టుకుపోయి ముందు దేవుడి దగ్గర పెట్టి, తర్వాత ఉడకబెట్టి నాలుగు ముక్కలు చేసింది. అందరం తిన్నాం.

ఇవి చలికాలంలో గుడ్డుకొచ్చాయి. మన దగ్గర డిసెంబర్‌లో పగలు 11 గంటలే. కోడికి గుడ్డు బాగా సాగాలంటే 14 గంటల వెలుతురు కావాలి. చిన్న పసుపు ఎల్‌ఈడీ బల్బును టైమర్‌తో తెల్లవారుజామున వెలిగేలా పెట్టాం. సాయంత్రం పూట పెట్టకూడదు. చీకట్లో కోడికి కళ్ళు కనబడవు. బల్బు టక్కున ఆరిపోతే దండెం ఎక్కలేక కిందే ఉండిపోతుంది.

2025 ఫిబ్రవరి

రోజుకు నాలుగు, అయిదు గుడ్లు. ఈ సంతోషంలో ఉండగానే ఉభయ గోదావరి జిల్లాల నుంచి బర్డ్ ఫ్లూ వార్తలు. వేల్పూరు, కానూరు అగ్రహారం కోళ్ళఫారాల్లో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వైరస్ అని తేలింది. రోగం వచ్చిన చోటు చుట్టూ కిలోమీటరు లోపలి కోళ్ళను చంపి పూడ్చిపెట్టారు, పది కిలోమీటర్ల మేర నిఘా. తెలంగాణ సరిహద్దుల్లో కోళ్ళ లారీలను ఆపుతున్నారు. ఆ ఫారాల మీద బతికే కుటుంబాల్ని తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

మన పెరట్లోకి అది ఎలా రావచ్చని ఆలోచిస్తే దారులు కొన్నే. అడవి పక్షులు, నీటి పక్షుల రెట్ట. బయటి కోళ్ళు. మన చెప్పులు. ఆవరణ పైన జాలీ ఉంది గానీ దాణా కోసం పావురాలు వాలి పైనుంచి రెట్ట వేస్తున్నాయి. పైన మిగతా భాగానికి కూడా రేకు వేయించాం, దాణా తొట్లు గూటి రేకు కిందికి మార్చాం. ఆవరణలోకి వెళ్ళడానికి విడిగా ఒక జత చెప్పులు, తలుపు దగ్గరే ఉంటాయి. చికెన్ షాపు నుంచి తెచ్చిన సంచి పెరటి వైపు రానివ్వడం లేదు. కొత్త కోడి ఏదీ తేవడం లేదు. గుడ్డు సొన గట్టిపడేదాకా ఉడకబెట్టుకుంటున్నాం, హాఫ్ బాయిల్ మానేశాం. ఈ జాగ్రత్తల్లో చాలా వరకు ఇక ఎప్పటికీ ఉంచేస్తాం.

రేకు పూర్తిగా వేశాక ఆవరణ నేల కూడా ఎండిపోయింది. ముందే వేయించి ఉండాల్సిందని మా ఆయన అంటున్నారు. నిజమే.

ఏప్రిల్, మే

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగరుస్తూ ఒళ్ళు చల్లార్చుకుంటుంది. రెక్కలు ఒంటికి దూరంగా ఎత్తి నిలబడుతుంది. అలా వగరుస్తుంటే నెత్తుట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, పెంకు తయారవడానికి అదే కావాలి. అందుకే ఎండాకాలంలో గుడ్లు తగ్గడంతో పాటు పెంకు పలచబడుతుంది. మే మొదటి వారంలో మావి రోజుకు రెండుకు పడిపోయాయి, ఒకటి చేతిలోకి తీసుకుంటుంటేనే చిట్లింది.

రేకు మీద వరిగడ్డి మందంగా పరిచి తాళ్ళతో కట్టాం. ఆవరణ చుట్టూ గ్రీన్ నెట్. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా గోనె తెరలు తడుపుతున్నాం, గాలి వాటిలోంచి చల్లగా వస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. గోనె నుంచి నీళ్ళు ఊకలోకి కారకూడదు. తడిపి, పిండి, అప్పుడు కడుతున్నాం. నీళ్ళ బకెట్‌లో ఉదయం, మధ్యాహ్నం ఐసుముక్కలు. మట్టి మూకుళ్ళలో పలచని మజ్జిగ. దాణా తెల్లవారుజామున, పొద్దుగూకాక మాత్రమే. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది నడి ఎండతో కలవకూడదు. ఏ కోడీ పోలేదు. మే చివర్లో నాలుగు చినుకులు పడగానే మళ్ళీ నాలుగు గుడ్లు.

2025 జూలై

ఏడాది లెక్క. గూటికి, ఆవరణకు, తర్వాత వేసిన రేకుతో కలిపి 31 వేలు అయింది. జాలీ, ఇనుము, వెల్డింగ్ కూలీ అందులో సగం దాటాయి. దాణా: గుడ్డు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది, ఏడింటికి నెలకు 23 కిలోలు. వంటింటి తోటకూర కాడలు, మునగాకు, నూకలు వేస్తాం కాబట్టి కొన్నది 20 కిలోల్లో సర్దుకుంటోంది. బూజు పట్టిన గింజ, బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం గుప్పెడు కూడా వేయం, అందులోని విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. గుడ్డు ధరతో పోలిస్తే దాణా ఖర్చు వెళ్ళిపోయి కాస్త మిగులుతుంది. గూటి ఖర్చు తిరిగి రావాలంటే ఏళ్ళు పడుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికే ఈ పని చేద్దామనుకునేవాళ్ళకు నేను వద్దనే చెబుతాను. పచ్చసొన రంగు ఆకుకూరల వల్ల ముదురుగా వస్తుంది, తాజాదనం నోటికి తెలుస్తుంది, ఇంట్లో పిల్లలకు తిండి ఎక్కడి నుంచి వస్తుందో కళ్ళారా తెలుస్తుంది. గోధుమ రంగు పెంకులో మాత్రం తెల్లదానికంటే ఎక్కువ బలమేమీ లేదు. అడిగినవాళ్ళందరికీ ఈ మాట చెబుతూనే ఉన్నాను.

పాత ఊక, రెట్ట కలిసినదాన్ని గుంతలో ఎండుటాకులతో వరసలు వేసి మూడు నెలలు మాగనిస్తున్నాం. పచ్చిగా వేస్తే వేళ్ళు మాడిపోతాయి. మాగినది కరివేపాకుకు వేశాక ఆ చెట్టును ఆపడం కష్టంగా ఉంది. వారానికి అరడజను గుడ్లతో పాటు కరివేపాకు కూడా ఆంటీ వాళ్ళింటికి పోతోంది. ఆ కిటికీ ఇప్పటికీ తెరిచే ఉంటుంది. ఈ ప్రాజెక్టు సరిగ్గా నడుస్తోందని నాకు చెప్పే కొలమానాల్లో అదొకటి.

ఇక రాబోయేవి. వచ్చే చలికాలంలో ఇవి ఈకలు రాల్చుకుంటాయి, ఆ రెండు మూడు నెలలు గుడ్లు ఆగుతాయి. అప్పటికి అందేలా ఆరు పిల్లల్ని ఈ నెలాఖరుకు తెస్తున్నాం. పాత కోళ్ళతో వెంటనే కలపం. నాలుగు వారాలు స్టోర్ రూంలోనే, దాణా గిన్నెలు, చెప్పులు కూడా వేరు. తర్వాత మధ్యలో జాలీ పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనిస్తాం, సైజు దగ్గరపడ్డాకే కలుపుతాం. రేకు అంచున గట్టర్ లేక బొప్పాయి మొదట్లో నీళ్ళు నిలుస్తున్నాయి, శనివారం పైపు బిగించి బోరు గుంతలోకి తిప్పుతారు. ఊక నాలుగు బస్తాలు వచ్చాయి, వరండాలో చెక్కల మీద పెట్టి టార్పాలిన్ కప్పాం.